కువైట్ నుండి అల్లవరానికి ఎన్ని గంటలు?

మొన్నటి చలికాలంలో ఒక సోమవారం రాత్రి, ఇషా నమాజు ముగిసిన కొద్దిసేపటికి, అల్లవరం మండలంలోని మా ఊళ్లో మా చిన్నాన్నగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అప్పుడు గడియారంలో తొమ్మిది. ఆయన చిన్న కుమారుడు మంచం పక్కనే ఉన్నాడు. పెద్ద కుమారుడు కువైట్‌లో ఒక కంపెనీ వాహనం నడుపుతున్నాడు. కుమార్తె మస్కట్‌లో ఒకరి ఇంట్లో పనిచేస్తోంది.

వాకిట్లో కొబ్బరిచెట్ల కింద కుర్చీలు వేశారు. ఊరి పెద్దలు, మస్జిద్ ఇమాం గారు, బంధువులు చేరారు. మొదట వచ్చిన ప్రశ్న "జనాజా ఎప్పుడు?" అని. దాని వెన్నంటే మరొకటి వచ్చింది: "కువైట్ నుండి ఎన్ని గంటలు?" ఒక కుర్రవాడు ఫోనులో చూసి, "నాలుగున్నర గంటలేనండి" అన్నాడు. ఆ మాటకు అందరి మనసులూ కుదుటపడ్డాయి. అలాగైతే రేపు జుహ్ర్ వేళకు బిడ్డ వచ్చేస్తాడు, తండ్రి జనాజాను తన భుజాన మోస్తాడు అనుకున్నాం. ఐసు పెట్టెకు కబురు పంపాం.

కుర్రవాడు చెప్పిన అంకెలో తప్పు లేదు. దానిని ఆధారం చేసుకుని మేము వేసిన లెక్కలోనే తప్పుంది. కోనసీమలో గల్ఫ్ దేశాలతో సంబంధం లేని వీధి అరుదు. ఈ లెక్క ఏదో ఒక రాత్రి మనలో చాలామంది వాకిళ్లలో వేయవలసి వస్తుంది. అందుకే దీనిని కొంచెం నిదానంగా చూద్దాం.

హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం నుండి కువైట్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారిన కొలిస్తే సుమారు 3,370 కిలోమీటర్లు. అదే లెక్కన జిద్దా 4,130, దుబాయి 2,550, మస్కట్ 2,210 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పెద్ద జెట్ విమానం ఎత్తుకు చేరాక గంటకు 800 నుండి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కనుక కువైట్ దూరం నాలుగు గంటల పని. పైకి లేవడానికి, కిందికి దిగడానికి, రన్‌వే వరకు నెమ్మదిగా పాకడానికి మరో అరగంట, ముప్పావుగంట కలపాలి. విమానాలు దారాన్ని బిగించి కట్టినట్లు తిన్నగా పోవు. వాటికి నిర్ణయించిన ఆకాశమార్గాలు ఉంటాయి కనుక నిజంగా నడిచే దూరం మరికొంత పెరుగుతుంది.

ఇక గాలి. హైదరాబాద్ నుండి కువైట్‌కు పోయేటప్పుడు సుమారు ఐదు గంటలు పడుతుంది, తిరుగు ప్రయాణం నాలుగున్నరలో ముగుస్తుంది. దూరం ఒకటే అయినా ఈ తేడా ఎందుకు? భూమి పడమటి నుండి తూర్పుకు తిరుగుతోంది గనుక, గాలిలో ఉన్న విమానం కిందికి ఊరు దానంతటదే వస్తుందని వాదించేవారిని నేను చూశాను. అదే నిజమైతే పడమటికి పోయే విమానమే త్వరగా చేరాలి. భూమితోపాటు దాని గాలి కూడా తిరుగుతూనే ఉంటుంది, కనుక ఆ వాదన నిలవదు. అసలు కారణం చలికాలంలో ఉత్తర భారతం మీదుగా, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుండి తూర్పుకు వీచే బలమైన గాలిప్రవాహం. ఇంటికి వచ్చేవారిని ఆ గాలి తోస్తుంది, పోయేవారికి ఎదురు నిలుస్తుంది.

టికెట్టు మీది సమయాలు చూసి ప్రయాణ కాలాన్ని లెక్కగట్టేవారు మరో చోట పొరబడతారు. అక్కడ ముద్రించేది ఏ ఊరి సమయం ఆ ఊరిది. కువైట్, సౌదీ అరేబియా గడియారాలు మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఒమాన్, దుబాయి గంటన్నర వెనుక. ఉదయం పదింటికి హైదరాబాద్‌లో బయలుదేరినవాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు కువైట్‌లో దిగినట్లు టికెట్టు చెబుతుంది. రెండున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది, కూర్చున్నది మాత్రం ఐదు గంటలు. తిరుగు ప్రయాణంలో రాత్రి తొమ్మిదింటికి ఎక్కితే తెల్లవారుజామున నాలుగింటికి దిగుతాడు. కాగితం మీద ఏడు గంటలు, గాలిలో నాలుగున్నరే.

మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ పరిసరాల మీదుగానే పోతుంది. అల్లవరం దానికి అర డిగ్రీ పడమట ఉంది. అంటే మన గోడగడియారానికీ మన సూర్యుడికీ సగటున రెండు నిమిషాల తేడా మాత్రమే. రంజాన్‌లో ప్రయాణమయ్యేవారికి ఇది ఉపయోగపడే సంగతి. సూర్యుడు ఒక్కో డిగ్రీ దాటడానికి నాలుగు నిమిషాలు తీసుకుంటాడు. అల్లవరంలో సహరీ చేసి, ఉపవాసంతో ప్రయాణించి కువైట్‌లో ఇఫ్తార్ చేసేవాని ఉపవాసం ఇంటి దగ్గరి ఉపవాసం కంటే సుమారు రెండుంబావు గంటలు, జిద్దాలో చేసేవానిది దాదాపు మూడు గంటలు పొడవవుతుంది. విమానంలో ఉన్నవాడు సొంత ఊరి వేళను బట్టి గానీ, కింద కనిపించే నగరపు వేళను బట్టి గానీ ఇఫ్తార్ చేయరాదు, తానున్న ఎత్తు నుండి సూర్యుడు అస్తమించాలని ధర్మవేత్తలు చెబుతారు. ప్రయాణికుడు ఆ ఉపవాసాన్ని వేరే దినాల్లో పూర్తి చేసుకొనే సౌలభ్యం దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో ఉండనే ఉంది.

ఇంతవరకు చెప్పినది రెండు విమానాశ్రయాల మధ్య దూరం. అల్లవరంలో విమానాశ్రయం లేదు. కోనసీమకు ఇంకా రైలు కూడా లేదు. కోటిపల్లి నుండి నరసాపురం వరకు తలపెట్టిన రైలుమార్గం రెండు దశాబ్దాలకు పైగా పూర్తికాకుండానే ఉంది. శంషాబాద్‌లో దిగినవాడు ఇమిగ్రేషన్ వరుస దాటి, సామాను తీసుకొని, మళ్లీ లోపలికి పోయి రాజమహేంద్రవరం విమానం కోసం ఎదురుచూడాలి. హైదరాబాద్ నుండి మధురపూడికి ఆకాశంలో దాదాపు 360 కిలోమీటర్లు, గంటకు కొంచెం పైన. ఆ విమానం మన కష్టాన్ని బట్టి కాక దాని వేళను బట్టి బయలుదేరుతుంది. మధురపూడి నుండి రాజమహేంద్రవరం, జొన్నాడ, గౌతమి వంతెన, రావులపాలెం, కొత్తపేట, అమలాపురం దాటి మా మండలం చేరేసరికి రోడ్డు మీద రెండున్నర నుండి మూడు గంటలు. ఆ విమానం దొరకని పక్షంలో హైదరాబాద్ నుండి సుమారు 450 కిలోమీటర్లు రోడ్డున రావాలి. అంటే రాత్రంతా ప్రయాణమే. కువైట్ నుండి హైదరాబాద్‌కు పట్టే కాలానికి అది రెట్టింపు.

ఇంతకంటే పెద్ద దూరం అటువైపున, విమానం ఎక్కకముందే ఉంటుంది. మేము ఆ రాత్రి ఊహించనిది అదే.

మా తమ్ముడికి కబురు అందినప్పుడు కువైట్‌లో సాయంత్రం ఆరున్నర. 2025 జులై 1 నుండి అక్కడి ప్రైవేటు రంగంలో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదంతో నిష్క్రమణ అనుమతి పొందాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఆమోదం కూడా ఆన్‌లైన్‌లోనే. సవ్యంగా సాగితే నిమిషాల పని. అయితే ఆమోదించవలసిన మనిషి ఆ రాత్రి కుటుంబంతో ఎడారి గుడారాల్లో ఉన్నాడు. చలికాలంలో కువైట్ వాసులు ఎడారిలో గుడారాలు వేసుకుని గడపడం అక్కడి ఆనవాయితీ. ఆయన ఫోను మోగలేదు. ఉదయం పదింటికి గానీ మాట కలవలేదు. విన్న వెంటనే ఆయన సానుభూతి చెప్పి ఆమోదం ఇచ్చాడు, టికెట్టుకు కొంత సొమ్ము కూడా ఇచ్చాడు. ఆయనలో దోషం ఏమీ లేదు. కానీ పదిహేనున్నర గంటలు గడిచిపోయాయి. ఆ రోజు సీటు దొరికినది రాత్రి తొమ్మిదింటి విమానంలో.

మస్కట్‌లో ఉన్న చెల్లెలి కథ వేరు. కిలోమీటర్ల లెక్కన ఆమె అన్నకంటే దగ్గర. మూడు గంటల విమానం. ఆమె పాస్‌పోర్టు ఇంటి యజమానురాలి బీరువాలో ఉంది. రెండేళ్ల ఒప్పందంలో ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉన్నాయి. ముందుగా వెళితే తీసుకురావడానికి అయిన ఖర్చు కట్టి వెళ్లమన్నారు. ఆమె తండ్రి ముఖాన్ని ఫోనులో చూసింది. మన పాస్‌పోర్టు చట్టం ప్రకారం ఆ పుస్తకం భారత ప్రభుత్వ ఆస్తి, దాచిపెట్టుకొనే హక్కు పరాయి యజమానికి లేదు. ఆ మాట చెల్లెలికి తెలియదు. తెలిసినా, ఆ రాత్రి ఆ ఇంట్లో ఒంటరిగా నిలబడి చెప్పగల స్థితిలో ఆమె లేదు.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక, అన్న రాక బుధవారం మధ్యాహ్నానికి గానీ సాధ్యం కాదని మాకు తేలింది. అప్పుడు వాకిట్లో రెండు అభిప్రాయాలు బయలుదేరాయి. ఐసు పెట్టె ఉంది కదా, ఒక్క రోజే కదా, పెద్దకొడుకు కడసారి చూపు చూసుకోవద్దా అని కొందరు. ఇక ఆపరాదని కొందరు. ఇమాం గారిని అడిగారు.

ఆయన చెప్పినది క్లుప్తంగా ఇది. జనాజా విషయంలో త్వరపడమని దైవప్రవక్త (స) ఆదేశించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా వచ్చిన ఆ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. పోయినవారు సజ్జనులైతే వారిని మేలు వైపు చేర్చడంలో ఆలస్యం ఎందుకన్నదే దాని సారం. గుస్ల్, కఫన్, ఖబ్రు సిద్ధం కావడానికి, దగ్గర ఊళ్ల బంధువులు చేరడానికి పట్టే కొద్దిపాటి వ్యవధిని పండితులు తప్పుపట్టలేదు. జుమా నమాజు తర్వాత ఎక్కువమంది చేరతారనే ఆశతో జనాజాను ఆపడాన్ని కూడా హనఫీ ఫఖీహులు అయిష్టంగానే చూశారు. "మీరు కొడుకు కోసం ఆగుతున్నారు. ఆ ప్రేమను నేను కాదనను. అయితే ఆగేది మీరు, ఆపబడినది ఆయన" అన్నారు ఇమాం గారు.

నేను ఆ మాటను అప్పటినుండి చాలాసార్లు తలచుకున్నాను. మా తాతల కాలంలో ఈ చిక్కు లేదు. ఆనాటి హజ్ యాత్రికులు బొంబాయిలో ఓడ ఎక్కి రోజుల తరబడి సముద్రం మీద సాగి జిద్దా చేరేవారు. ఆ ఓడ ప్రయాణాలు 1995 వరకు సాగాయి. ఇంటి దగ్గర మరణం సంభవిస్తే ఉత్తరం చేరేసరికే వారాలు గడిచేవి. కనుక దూరాన ఉన్నవాని కోసం జనాజాను ఆపాలనే ఆలోచన ఎవరికీ కలిగేది కాదు. అది కఠినత్వమని ఎవరూ అనుకోలేదు. ఈనాడు జిద్దా ఆరు గంటలు, కువైట్ ఐదు గంటలు అయింది. దూరం తగ్గింది కనుకనే ఆగాలనే ఆశ పుట్టింది. ఫోనులో కనిపించే ఆ నాలుగున్నర గంటల అంకె ఒక రాత్రిని రెండు రాత్రులు చేస్తోంది. ఆ రెండు రాత్రులు కరెంటు పోకుండా ఉండాలని ఇంటివారు పెట్టె పక్కన కూర్చుని దుఆ చేస్తున్నారు.

చివరకు తీర్పు చెప్పినది మా చిన్నమ్మ. లోపలి గది నుండి తమ్ముణ్ణి పిలిచి, "మీ అబ్బా నాకు ముందే చెప్పారు. ఎవరికోసం ఆపవద్దన్నారు. పెద్దోడు ఖబ్రు దగ్గరకు వస్తాడు, ఇక లేవండి" అన్నది. చిన్నాన్నగారు మంచాన పడ్డ నెలల్లో ఆమెతో రెండు మూడుసార్లు ఆ మాట అన్నారట. కాగితం మీద రాయలేదు. ఆయన నోటితో చెప్పి ఉండకపోతే ఆ భారం ఆమె నెత్తిన పడేది, జీవితాంతం ఉండేది. పెద్దకొడుకు ఎన్నడైనా "ఒక్క రోజు ఆగలేకపోయావా అమ్మా" అంటే ఆమె ఏమని జవాబు చెప్పగలదు? వసియ్యత్ రాయవలసిన విషయం ఉన్న ముస్లిం దానిని రాయకుండా రెండు రాత్రులు గడపరాదని హదీసు. మనం వసియ్యత్ అనగానే ఆస్తి అనుకుంటాం. గల్ఫ్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యాన్ని కూడా అందులో చేర్చడం మేలు.

మంగళవారం అస్ర్ నమాజు తర్వాత జనాజా నమాజు జరిగింది. మగ్రిబ్‌కు ముందే ఖబ్రస్తాన్ నుండి తిరిగి వచ్చాం. అప్పటికి పెద్దవాడు ఇంకా కువైట్‌లోనే ఉన్నాడు.

దూరాన ఉన్నవారు ఆ సమయంలో ఏం చేయాలని చాలామంది అడుగుతారు. అబిసీనియా రాజు నజ్జాషీ మరణించినప్పుడు దైవప్రవక్త (స) మదీనాలో ఆయనకు జనాజా నమాజు చేయించారు. దానిని ఆధారం చేసుకుని షాఫయీ, హంబలీ పండితులు పరోక్ష జనాజా నమాజును అనుమతించారు. అది ప్రవక్త (స)కు ప్రత్యేకమైన విషయమని హనఫీ, మాలికీ పండితులు భావించారు. ఎవరి మార్గం వారిది. దుఆ విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. మస్జిద్ ఊడ్చే ఒక స్త్రీని రాత్రివేళ తనకు తెలియకుండా ఖననం చేశారని విని, ప్రవక్త (స) ఆమె ఖబ్రు ఎక్కడో అడిగి వెళ్లి నమాజు చేశారు. ఆలస్యంగా వచ్చేవారికి ఇందులో ఓదార్పు ఉంది. ఖబ్రు దగ్గర ఏమి చేయవచ్చో, దాని వివరాలేమిటో తమ ఇమాం గారిని అడిగి తెలుసుకోవాలి.

ఈ అనుభవం తర్వాత మా బంధువుల ఇళ్లలో కొన్ని మార్పులు వచ్చాయి. గల్ఫ్‌లో ఉన్న ప్రతివారి పాస్‌పోర్టు, అక్కడి గుర్తింపు కార్డు ప్రతులు ఇంట్లో ఒక సంచిలో పెట్టుకున్నారు. యజమాని నంబరుతోపాటు, ఆయన దొరకనప్పుడు మాట్లాడగల మరొకరి నంబరు కూడా రాసుకున్నారు. చిక్కుల్లో ఉన్నవారి తరఫున ఇంటివారే ఇక్కడి నుండి ఫిర్యాదు చేయగల మదద్ అనే పోర్టల్ విదేశాంగ శాఖకు ఉందని మాకు అప్పుడే తెలిసింది. చెల్లెలి పాస్‌పోర్టు గురించి అందులో రాద్దామంటే ఆమె వద్దన్నది. నాలుగు నెలలు ఎలాగో గడిపేస్తాను, గొడవైతే జీతం ఆగుతుంది అన్నది. అది ఆమె నిర్ణయం. నాకు అది సరైనదనిపించలేదు, కానీ జీతం మీద ఇల్లు నడుస్తున్నవారికి నేను ఏమని చెప్పను?

బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి మా తమ్ముడు శంషాబాద్‌లో దిగాడు. ఫజ్ర్ అక్కడే చేసుకున్నాడు. మధురపూడిలో దిగేసరికి పదకొండు. నేను కారు తీసుకుని వెళ్లాను. దారిలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. గౌతమి వంతెన మీద మాత్రం, "చిన్నప్పుడు అబ్బా నన్ను రాజమండ్రి తీసుకెళ్లినప్పుడు ఈ వంతెన ఎంతకీ అయిపోయేది కాదన్నయ్యా" అన్నాడు.

రావులపాలెంలో జుహ్ర్ వేళైంది. "ఇక్కడ ఆగుదామా?" అని అడిగాను. మన పండితులు సాధారణంగా 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్లు, ప్రయాణ దూరంగా లెక్కిస్తారు. ఆ దూరం సంకల్పించి సొంత ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా కుదించి చేస్తాడు. రావులపాలెంలో ఆగి ఉంటే అతడు రెండు రకాతులే చేయవలసి ఉండేది. ఏళ్ల తరబడి పరాయి దేశంలో ఉన్నా, సొంత ఊరిలో అడుగుపెట్టినవాడు అక్కడ మూడు రోజులే ఉండేవాడైనా ముసాఫిర్ కాడు. ఇల్లు, తల్లి, భార్యాబిడ్డలు ఉన్న చోటు అతని అసలు వతన్. అక్కడ నమాజు పూర్తిగా చేయాలి.

"వద్దన్నయ్యా, ఊళ్లోనే చేసుకుంటాను" అన్నాడు.

రెండింటికి ఊరు చేరాం. సోమవారం రాత్రి తొమ్మిది నుండి లెక్కిస్తే నలభై ఒక్క గంటలు. అందులో అతడు గాలిలో ఉన్నది ఆరు గంటలకు లోపే. ముందు ఖబ్రస్తాన్‌కు వెళ్లాడు. ఇంకా తడి ఆరని మట్టి దగ్గర చేతులెత్తి చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత మస్జిద్‌లోకి వచ్చి వుజూ చేసుకుని నిలుచున్నాడు. నేను వెనుక గోడకు ఆనుకుని కూర్చున్నాను. రెండు రకాతుల తర్వాత కూర్చున్నాడు, అత్తహియ్యాతు ముగించి మూడో రకాతుకు లేచాడు. గోడ అవతల చిన్నమ్మ మనవణ్ణి పిలిచి, అబ్బూ నమాజు అయ్యాక నేరుగా ఇంటికి తీసుకురమ్మని చెబుతోంది.